మా వీధిలో నడక: కాలనీ సంఘాన్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ఏలూరు రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న పాత కాలనీ మాది. రెండేళ్ళుగా మా సంఘం ప్రధానంగా ఒకే పని మీద ఉంది: ఇక్కడి వీధుల్లో ఎవరైనా భయం లేకుండా నడవగలగాలి. మీటింగుల్లో, పాల బూత్ దగ్గర, అపార్ట్‌మెంట్ మెట్ల మీద మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాశాం. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. వాదనలు ఎక్కువగా జరిగేది ఆ విషయాల మీదే.

ఈ పని ఎలా మొదలైంది?

మూడో లైనులో ఉండే ఒక పెద్దావిడ రోజూ తెల్లవారుజామున గుడికి నడిచి వెళ్ళేవారు. దారిలో ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఆ రోజు దాని పక్కనే ఒక కారు ఆపి ఉంది. రెండింటినీ తప్పించుకోవడానికి ఆవిడ రోడ్డు మీదికి దిగారు. వెనక నుంచి వచ్చిన బైక్ తగిలింది. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది కానీ గుడికి వెళ్ళడం ఆగిపోయింది.

పరామర్శకు వెళ్ళినవాళ్ళలో చాలామంది అన్నది ఒకటే మాట: "ఈ వయసులో ఒంటరిగా ఎందుకు పంపారమ్మా?" ఆ మాట మాలో కొందరికి నిద్ర పట్టనివ్వలేదు. ఇంటి నుంచి గుడికి నాలుగు వందల అడుగులు కూడా ఉండవు. అంత దూరం నడిచినందుకు ఆవిడదే తప్పు అనుకునే స్థితికి మనం ఎలా వచ్చాం? ఆ వారమే ఏడెనిమిది మందిమి కలిసి ఆ దారంతా నడిచాం. అడ్డంగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకున్నాం. మా మొదటి పని అదే.

ప్రమాదాలు హైవేల మీద కదా? కాలనీ సందుల్లో ఏముంటుంది?

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వీటిలో హైవే మీద జరిగినవి చాలా ఉన్నాయి, నిజమే. అయితే సందుల్లో జరిగేవి చాలావరకు లెక్కలోకే రావు. బైక్ తగిలి చెయ్యి విరిగితే "సర్లే బాబూ, చూసి నడుపు" అని పంపేస్తాం. డ్రెయిన్ పలక విరిగి కాలు ఇరుక్కుంటే దాన్ని ప్రమాదం అని కూడా అనం. ఆ తర్వాత ఆ మనిషి బయటికి రావడం తగ్గించేస్తారు. అది ఏ రికార్డులోనూ కనపడదు.

ఫుట్‌పాత్ వేశారు కదా, జనమే దాని మీద నడవరు. దానికి ఎవరేం చేస్తారు?

ఒకసారి మీ వీధి ఫుట్‌పాత్ మీద ఈ చివర నుంచి ఆ చివరికి దిగకుండా నడిచి చూడండి. మా మెయిన్ లైనులో మేం ప్రయత్నించాం. పది అడుగులకు ఒక ర్యాంప్ వచ్చింది, దిగాం. ఎక్కాం. కరెంటు స్తంభం, దాని సపోర్టు తీగ. దిగాం. మళ్ళీ ఎక్కబోతే అంచు మోకాలి దాకా ఉంది. తర్వాత ఒక షాపు ముందు నున్నటి టైల్స్, వాన పడితే జారిపోతాం. ఆ పైన ఇసుక కుప్ప. మాతో వచ్చిన రిటైర్డ్ మాస్టారు సగం దూరంలోనే, "నేను రోడ్డు మీదే వస్తానయ్యా, మోకాళ్ళు పట్టేశాయి" అని దిగిపోయారు. జనం కూడా సరిగ్గా ఇందుకే దిగిపోతారు. వాళ్ళకు బుద్ధి లేక కాదు.

మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అందరూ ఐఆర్‌సీ అంటారు. నడిచేవాళ్ళ సౌకర్యాల మీద 2012లో అది ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇళ్ళున్న ప్రాంతాల్లో నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలని ఉంది. ఇందులో 'ఖాళీ' అన్నదే ముఖ్యం. స్తంభం, చెట్టు, డ్రైనేజీ మూత పోను మిగలాల్సిన వెడల్పు అది. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వస్తే ఒకదాన్ని ఒకటి దాటిపోవడానికి అంత కావాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మన దగ్గర చాలాచోట్ల అది అడుగు దాటి ఉంటుంది. రోడ్డు మీది నీళ్ళు పైకి రాకూడదనో, బండ్లు ఎక్కకూడదనో పెంచుకుంటూ పోతారు. చివరికి ఎక్కలేకపోయేది మనుషులే, బైకులు ఎలాగూ ఎక్కుతున్నాయి.

అయితే మా ఇంటి ముందు ర్యాంప్ తీసేయమంటారా?

అవును, రోడ్డు మీదికి వచ్చినంత మేర తీసేయమనే అడుగుతున్నాం. మా మీద ఎక్కువమందికి కోపం వచ్చింది ఈ విషయంలోనే కాబట్టి వివరంగా చెప్తాం.

మొదట్లో మేమంతా తప్పు బయటివాళ్ళదే అనుకున్నాం. కార్పొరేషన్ పట్టించుకోదు, బండ్లవాళ్ళు ఆక్రమించారు, కాలేజీ కుర్రాళ్ళు స్పీడుగా పోతారు అని. దారి కొలవడం మొదలుపెట్టాక కాలనీలో నడకకు అడ్డుగా ఉన్నవాటిలో చాలావరకు మావేనని తేలింది. వరద భయంతో ఇల్లు ఎత్తుగా కట్టుకుంటాం. ఇల్లు ఎత్తు పెరిగితే గేటు ముందు ర్యాంప్ రోడ్డులోకి పొడుచుకొస్తుంది. ఎవరిది వాళ్ళకు చిన్నదే. వరసగా ఇరవై ఇళ్ళు అలా కడితే రోడ్డుకు ఆ పక్క నడిచే దారి ఉండదు. పైగా ర్యాంప్ కింద డ్రెయిన్ మూసుకుపోతుంది, వర్షం పడితే నీళ్ళు పోవు, రోడ్డు పాడవుతుంది. దాన్ని సరిచేయాలని మళ్ళీ రోడ్డు ఎత్తు పెంచుతారు. ఇల్లు ఇంకా పల్లమైపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సగం ఊరు నీళ్ళలో ఉన్న రోజులు చూసినవాళ్ళకు ఎత్తు మీద భయం ఉండటం సహజమే. దాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు.

దీనికి మార్గం ఉంది. ఏటవాలంతా గేటు లోపలికి జరపడం. స్థలం లేని ఇళ్ళకు ఫుట్‌పాత్‌ను దాని ఎత్తులోనే ఉంచి, రోడ్డు వైపు అంచును మాత్రమే కారు చక్రం ఎక్కేలా కొంచెం వాలుగా చేయించడం. నడిచే మనిషి ఎక్కడా దిగనక్కర్లేదు, కారు నెమ్మదిగా ఎక్కి లోపలికి పోతుంది. సంఘం కమిటీలో ఉన్నవాళ్ళం ముందు మా ర్యాంపులు పగలగొట్టించుకున్నాం. ఆ తర్వాతే పక్కింటి గేటు తట్టాం. అందరూ ఒప్పుకోలేదు, ఇప్పటికీ కొన్ని అలాగే ఉన్నాయి. మా రెండో లైనులో ఒకవైపు మాత్రం ఇప్పుడు పిల్లలు బళ్ళో నుంచి ఇంటిదాకా ఫుట్‌పాత్ దిగకుండా వస్తున్నారు.

టిఫిన్ బండ్లు, కూరగాయల బండ్లు ఖాళీ చేయిస్తారా?

చేయించం. మా సంఘంలోకి కొందరు అదే ఉద్దేశంతో వచ్చారు, వాళ్ళతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. రాత్రి తొమ్మిది దాకా మిర్చి బజ్జీ బండి దగ్గర దీపం, నలుగురు మనుషులు ఉన్న మలుపులోనే ఆడవాళ్ళు ధైర్యంగా నడుస్తారు. బండి తీసేస్తే ఆ మలుపు చీకటిగా, ఎవరూ లేకుండా మిగులుతుంది.

చట్టం కూడా వాళ్ళ పక్షాన ఉంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వ్యాపారుల సర్వే పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు. చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఈ వ్యవహారాలు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చూస్తుంది. మేం బండ్లవాళ్ళతోనే కూర్చుని సుద్దతో గీత గీసుకున్నాం: గీతకు గోడవైపు బండి, రోడ్డువైపు నడక. ప్లాస్టిక్ కుర్చీలు గీత దాటకూడదు. కారును అడ్డంగా ఆపేవాళ్ళకన్నా వీళ్ళే మాట బాగా నిలబెట్టుకున్నారు.

స్పీడ్ బ్రేకర్ మనమే వేసుకుంటే సరిపోదా? మేస్త్రీ, రెండు బస్తాల సిమెంటు చాలు కదా?

దయచేసి అలా చేయకండి. అర్ధరాత్రి వేసిన సిమెంటు గట్టు ఉదయానికి కనపడదు. దాని మీద రంగు ఉండదు, ముందు హెచ్చరిక బోర్డు ఉండదు. బైక్ వెనక పక్కకు కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడతారు. గర్భిణిని తీసుకెళ్ళే ఆటోకీ 108కీ అది నరకమే. పైగా రోడ్డు మీద అనుమతి లేకుండా కట్టడం నేరం.

ఐఆర్‌సీ చెప్పే గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాదాపు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాళ్ళు దాన్ని ఇబ్బంది లేకుండా దాటుతారు, అంతకన్నా ఎక్కువ వేగంతో వస్తే ఒళ్ళు కుదుపుతుంది. మన సందుల్లో కనపడేవి అడుగున్నర వెడల్పు, అరడుగు ఎత్తు. మెల్లగా వచ్చినవాడి నడుం కూడా విరుగుతుంది, స్పీడుగా వచ్చినవాడు పక్కనున్న కాస్త సందులోంచి, అంటే మనుషులు నడిచే చోటు నుంచి దూసుకుపోతాడు.

మా అనుభవంలో స్పీడ్ బ్రేకర్ కన్నా మలుపును బిగించడం బాగా పనిచేసింది. మన కాలనీల్లో మలుపులు విశాలంగా ఉంటాయి, బండి వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది. ఇంజినీరు గారి అనుమతి తీసుకుని, ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, నెల రోజుల పాటు మలుపు మూలలో పూల కుండీలు, రంగు వేసిన పాత టైర్లు పెట్టి చూశాం. తిరగడానికి చోటు తగ్గింది, బండ్లు వాటంతట అవే నెమ్మదించాయి. దాటాల్సిన దూరం కూడా తగ్గింది. ఆ నెల ఫొటోలూ వీడియోలూ చూపించాకే అక్కడ శాశ్వతంగా అంచు కట్టించుకోగలిగాం.

30 కిలోమీటర్ల వేగం అని ఎందుకంత పట్టు? 50లో పోతే ఏమవుతుంది?

లెక్క మీరే వేసి చూడండి. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని చూసి, బ్రేక్ మీద కాలు వేయడానికి చురుకైన డ్రైవరుకు కూడా సుమారు ఒక సెకను పడుతుంది. 30లో పోయే కారు ఆ సెకనులో 8 మీటర్లు పోతుంది, ఆపైన పొడి రోడ్డు మీద మరో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13. అదే 50లో పోతుంటే ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు పోతుంది. అంటే 13 మీటర్ల దూరంలో పిల్లాడు బంతి కోసం పరుగెత్తుకొస్తే, 30లో వచ్చే కారు వాడి ముందు ఆగిపోతుంది. 50లో వచ్చే కారు బ్రేక్ పడకముందే, అదే 50 వేగంతో వాడిని గుద్దుతుంది.

కాలనీ ఈ చివర నుంచి ఆ చివరికి అర కిలోమీటరు. 50లో పోయినా 30లో పోయినా తేడా అర నిమిషం కూడా రాదు.

బోర్డు మనమే పెట్టుకుంటే మాత్రం చట్టపరంగా చెల్లదు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కార్లకు గరిష్ఠ వేగం 70, మోటారు సైకిళ్ళకు 60. ఒక వీధికి అంతకన్నా తగ్గించాలంటే మోటారు వాహనాల చట్టం కింద అధికారికంగా ఉత్తర్వు రావాలి. స్కూలు ఉన్న వీధులకు అలాంటిది ఇవ్వమని అర్జీ పెట్టాం, ఇంకా తిరుగుతున్నాం.

నడిచేవాళ్ళది తప్పే ఉండదా? ఫోన్ చూసుకుంటూ రోడ్డు మధ్యలో నడిచేవాళ్ళు లేరా?

ఉన్నారు. మా పిల్లలకు మేం ఆ సంగతి చెప్తూనే ఉంటాం. కానీ నడిచేవాడు పొరపాటు చేస్తే దెబ్బ తగిలేది వాడికే, బండివాడు పొరపాటు చేసినా దెబ్బ నడిచేవాడికే. ఏడేళ్ళ పిల్ల బండి ఎంత వేగంగా వస్తోందో సరిగ్గా అంచనా వేయలేదు. ఎనభై ఏళ్ళ తాతగారికి హారన్ వినపడకపోవచ్చు. మనుషులన్నాక పొరపాటు చేస్తారు, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా వీధి ఉండాలని మేం అడుగుతున్నాం.

చట్టంలో నడిచేవాళ్ళకు ఏదైనా హక్కు ఉందా, లేక అంతా బతిమాలుకోవడమేనా?

ఉంది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్.రాజశేఖరన్ 2012లో రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే 2025 మే 14న కోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. వికలాంగులు కూడా వాడుకునేలా ఫుట్‌పాత్‌లు ఉండాలనీ, ఆక్రమణలు తొలగించాలనీ ఆదేశించింది. అర్జీల్లో మేం ఈ తేదీ తప్పకుండా రాస్తాం. అది రాసినప్పుడు కాగితం కొంచెం వేరుగా కదులుతుంది, ఇది మేం చూసిన విషయం.

సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర మొదటి హక్కు నడిచేవాళ్ళదేనని 2017 డ్రైవింగ్ నిబంధనలు చెప్తున్నాయి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చింది: భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేయడం వల్ల మరణం, వైకల్యం జరిగితే దానికి బాధ్యులైన అధికారికైనా, కాంట్రాక్టరుకైనా లక్ష రూపాయల దాకా జరిమానా.

పదో తరగతి పిల్లలు స్కూటీ మీద ముగ్గురేసి పోతుంటే చెప్పేవాళ్ళు లేరా?

చెప్తున్నాం, ముందు తల్లిదండ్రులకు. ట్యూషన్‌కు దింపే టైం లేదని బండి తాళం ఇచ్చేస్తారు. మైనరు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లకో పిల్లాడికో 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు, చాలామందికి నిజంగా తెలియదు.

ఏ సమస్యకు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

చిన్నవాటికి వార్డు సచివాలయం. విరిగిన డ్రెయిన్ పలక, వెలగని వీధి దీపం వంటివి ఎమినిటీస్ సెక్రటరీ చూస్తారు. ఆక్రమణ, ర్యాంప్ అయితే ప్లానింగ్ సెక్రటరీ. అక్కడ కదలకపోతే 1100కు ఫోన్ చేయండి, లేదా సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వండి. రశీదు నంబరు తీసుకోకుండా ఇంటికి రావద్దు. ట్రాన్స్‌ఫార్మర్, వేలాడే తీగలు, స్తంభాలైతే 1912.

మేం చేసిన పెద్ద పొరపాటు ఒకటి ఉంది. మొదటి ఆరు నెలలు "మా కాలనీలో ఫుట్‌పాత్‌లు బాగోలేవు, బాగుచేయండి" అని రాశాం. ఏమీ జరగలేదు. తర్వాత "ఫలానా స్తంభం నంబరు దగ్గర, ఫలానా ఇంటి ఎదురుగా, రెండడుగుల పలక విరిగింది, ఫొటో జతచేశాం" అని రాయడం మొదలుపెట్టాం. ఒక్కో అర్జీకి ఒక్కటే సమస్య. సగం పనులు అలాగే జరిగాయి. కింది ఉద్యోగికి ఏం చేయాలో స్పష్టంగా తెలిస్తే చేసేవాళ్ళే ఎక్కువ.

ఎస్టిమేట్ వేశారంటారు, టెండర్ అయిందంటారు, పని మాత్రం కనపడదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

బండ్లు ఆపుకోవడానికి చోటు లేకపోతే షాపుల వ్యాపారం దెబ్బతినదా?

ఈ భయం నిజమైనదే. చెన్నై టీ నగర్‌లో పాండీ బజార్ రోడ్డును విశాలమైన ఫుట్‌పాత్‌లతో తీర్చిదిద్ది, 2019లో ప్రారంభించారు. అంతకుముందు అక్కడి వ్యాపారులకూ ఇదే బెంగ. ఇప్పుడు అక్కడికి వెళ్ళి చూస్తే జనం కుటుంబాలతో తిరుగుతూ కనిపిస్తారు. మా మెయిన్ లైనులో కిరాణా, మందుల షాపులకు వచ్చేది ఎక్కువగా నడిచి వచ్చే చుట్టుపక్కలవాళ్ళే. షాపు ముందు రోజంతా ఆగి ఉండే బండి చాలాసార్లు షాపు యజమానిదో, పనివాళ్ళదో. వాటిని వెనక సందులో పెట్టుకుంటే కొనడానికి వచ్చేవాళ్ళకు చోటు దొరుకుతుంది. సెల్లార్‌ను గోడౌన్‌గా మార్చేసి రోడ్డు మీద పార్కింగ్ అడిగే అపార్ట్‌మెంట్ల విషయంలో మాత్రం మేం రాజీ పడం.

ఎవరికైనా బండి తగిలితే ఏం చేయాలి? ఆసుపత్రికి తీసుకెళ్తే కేసులో ఇరుక్కుంటామా?

ఇరుక్కోరు. సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తూ 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. పేరు చెప్పమని, సాక్ష్యం ఇవ్వమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. 108కో 112కో ఫోన్ చేయండి. తలకు, మెడకు దెబ్బ తగిలినట్టుంటే లేపి కూర్చోబెట్టకండి, ప్రమాదం లేని చోటైతే కదపకండి, నీళ్ళు తాగించకండి.

2025 మే నుంచి కేంద్ర పథకం ఒకటి అమల్లో ఉంది: ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల్లోపు, లక్షన్నర రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో నగదు లేకుండా చికిత్స. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా, మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు పరిహారం వస్తుంది. అందుకే చిన్న దెబ్బ అనుకున్నా పోలీసు ఫిర్యాదు తప్పక ఇవ్వండి.

అద్దెకు ఉంటున్నాం. మేం చేరవచ్చా? చందా ఎంత?

చేరండి. ఈ వీధిలో నడిచేవాళ్ళందరిదీ ఈ సంఘం. ఇళ్ళలో పనికి వచ్చే అక్కలు, వాచ్‌మన్ కుటుంబాలు కూడా వస్తారు. రోడ్డు గురించి అందరికన్నా బాగా తెలిసింది వాళ్ళకే, తెల్లవారుజామునా చీకటి పడ్డాకా నడిచేది వాళ్ళే కాబట్టి. ఈ పనికి విడిగా చందా లేదు.

మా కాలనీలోనూ ఇలాంటిది పెట్టాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టకండి. అది తర్వాత చేసుకోవచ్చు, 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ముందు ఒకే ఒక దారి ఎంచుకోండి: స్కూలుకో, గుడికో, మసీదుకో, బస్టాపుకో పోయే దారి. ఒక పిల్లనీ, ఒక పెద్దమనిషినీ, వీలైతే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళనో, కళ్ళు కనపడనివాళ్ళనో తోడు తీసుకుని నడవండి. వాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోండి.

మీతో ఒకసారి నడవాలంటే?

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్న ఆరింటికి, పార్కు గేటు దగ్గర. ఎండాకాలంలో ఐదున్నరకే. గంటలో అయిపోతుంది. టేపు మా దగ్గర ఉంది. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి, ఫొటోలు తీయాలి. ఈసారి మూడో లైను నుంచి గుడి దాకా నడుస్తున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా అక్కడే ఉంది, దాన్ని జరపడానికి ఎస్టిమేట్ వేశారు. ఆ పెద్దావిడ ఈసారి కర్రతో వస్తానన్నారు, కాబట్టి మెల్లగా నడుద్దాం.